చెట్లెక్కేవాళ్ళ ప్రెసిడెంటు గారు

మా ప్రెసిడెంటు గారు పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను పటమటలో ఒక ఇంటి ముందు వేపచెట్టు కింద ఉన్నాను. పైన మా సభ్యుడొకతను కొమ్మ సగం కోశాడు. ఆ కొమ్మకు కట్టిన తాడు రెండో కొస నా చేతిలో ఉంది. ఫోన్లో ఆయన కూతురు. "నాన్నగారు పొద్దున్నే పోయారండీ" అంది. సరేనమ్మా అన్నాను. పైనతను ఏంటన్నా అని అడిగాడు. ఏం లేదు, కొయ్యి అన్నాను. చెట్టు మీదున్న మనిషికి చెడు కబురు చెప్పకూడదని మాకు నేర్పింది ఆయనే. కొమ్మ దిగి, మనిషి దిగి, చెమట తుడుచుకుని మంచినీళ్ళు తాగాక చెప్పాను. అతను చెట్టుకు ఆనుకుని కూర్చుండిపోయాడు.

మాకూ ఒక సంఘం ఉందని మీలో చాలామందికి తెలియకపోవచ్చు. బెజవాడలో, చుట్టుపక్కల ఊళ్ళలో చెట్లెక్కి కొమ్మలు కొట్టేవాళ్ళం, కరెంటు తీగల మీదికి వాలినవాటిని తీసేవాళ్ళం, పడిపోయే చెట్లను ఇళ్ళ మీద పడకుండా దించేవాళ్ళం కలిసి తొంభైల మొదట్లో పెట్టుకున్నాం. మొదట్లో దాని పేరు చెట్లు నరికేవాళ్ళ సంఘం. ఆయన ప్రెసిడెంటు అయ్యాక చెట్ల సంరక్షణ కార్మికుల సంఘం అని మార్పించారు. మేం నవ్వాం. పొద్దున లేస్తే నరకడమే కదా మన పని అన్నాం. "ఎక్కడ ఆపాలో తెలిసినోడే మనవాడు. తెలీనోడు ఎవడైనా నరుకుతాడు" అన్నారు.

ఆయనది మంగళగిరిలో మగ్గం నేసే ఇల్లు. పెళ్ళయ్యాక బావమరిదితో ఈ పనిలోకి వచ్చారట. ఎక్కేముందు తాడంతా వేళ్ళ మధ్య నుంచి నెమ్మదిగా లాగి, పురి ఎక్కడ వదులైందో కళ్ళు మూసుకుని చెప్పేవారు. చెప్పులు విడిచి చెట్టు చుట్టూ ఒకసారి తిరిగేవారు. ఈ చెట్టు ఎవరు వేశారండీ అని ఇంటివాళ్ళను అడిగేవారు. ఆ జవాబుతో పనేమిటో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. అడిగితే, వాళ్ళు చెప్పేటప్పుడు చెట్టు వైపు ఎలా చూస్తారో చూస్తానన్నారు.

గోడ దూకేవాళ్ళమని పోలీసులు ఆపకుండా మాకు ఫోటోతో, ముద్రతో గుర్తింపు కార్డులు వచ్చాయంటే ఆయన తిరిగినందుకే. కరెంటు తీశాం ఎక్కండి అని కరెంటాఫీసువాళ్ళు నోటిమాటగా చెబితే ఎక్కవద్దని, లైను ఆపినట్టు కాగితం చూపిస్తేనే ఎక్కమని రూలు పెట్టింది ఆయనే. ఆఫీసుకు వెళితే కుర్చీ వేసేదాకా కూర్చునేవారు కాదు, వేయకపోతే నిలబడే మాట్లాడేవారు. సెక్రటరీగా అర్జీలు రాసి నేను పక్కన ఉండేవాణ్ణి. "మనం బతిమాలడానికి రాలేదు, చెప్పడానికి వచ్చాం" అని మెట్లెక్కేటప్పుడు నా చెవిలో అనేవారు.

ఇక మేం కోటి అని పిలిచే కోటేశ్వరరావు సంగతి. దాన్ని దాటేసి ఆయన గురించి రాయడం నా వల్ల కాదు.

తొంభైల చివర్లో, ఏలూరు కాలువ దగ్గర ఒక ఇంట్లో మామిడిచెట్టు పని ఒప్పుకున్నాం. పక్కింటి పెంకుల మీదికి పెరిగిన కొమ్మ తీయాలి. కోటి ఎక్కాడు. మాలో వాడంత చురుకైనవాడు లేడు. తాడు కట్టకుండా కోశాడు. కొమ్మ తిరిగి పక్కింటి మెట్ల మీద పడింది. అక్కడ కూర్చుని చదువుకుంటున్న పదో తరగతి పిల్ల కాలు విరిగింది. సాయంత్రానికల్లా కోటిని స్టేషన్‌కు తీసుకుపోయారు.

స్టేషన్‌కు వెళ్ళేముందు పదిమందిమి టీకొట్టు దగ్గర కలుసుకున్నాం. గాలి తోసిందని చెబుదామని అనుకున్నాం. చెట్టున్న ఇంటాయన కూడా అలాగే చెబుతానన్నాడు. ప్రెసిడెంటు గారు అక్కడే ఉన్నారు. ఆయన తల ఊపారనే నాకు గుర్తు. ఊపలేదని మావాళ్ళలో ఒకరిద్దరు అంటారు.

స్టేషన్లో ఎస్సై అడిగాడు, ఏం జరిగిందని. ఆయన నిలబడే చెప్పారు.

"తాడు కట్టలేదండీ. కట్టుంటే కొమ్మ అటు పడేది కాదు. తప్పు మాదే."

కోటి ఆయన వైపు చూసిన చూపు నేను చూశాను. వాడు రెండు రోజులు లోపలే ఉన్నాడు. కేసు చాలాకాలం నడిచింది. చివరికి రాజీ కుదిరింది. ఇతను మళ్ళీ చెట్టెక్కకూడదు, నాకు అంతే చాలు అన్నాడు ఆ పిల్ల తండ్రి. కోటి కార్డు వెనక్కి తీసుకున్నారు, ప్రెసిడెంటు గారి చేత్తోనే. వాడు ఉయ్యూరు వెళ్ళి చక్కెర ఫ్యాక్టరీలో చెరకు దించే పనిలో చేరాడు. ఆ పిల్ల మళ్ళీ నడిచింది, కొంచెం కుంటుతూ. ప్రెసిడెంటు గారు ప్రతి ఆదివారం ఆ పిల్లను చూడ్డానికి వెళ్ళేవారు. అక్కణ్ణించి ఉయ్యూరు బస్సెక్కి కోటి ఇంటికి వెళ్ళేవారు. కోటి తలుపు తీసేవాడు కాదు. ఆయన అరుగు మీద కాసేపు కూర్చుని వచ్చేసేవారు.

కోటి పని పోయేసరికి మావాళ్ళకు కడుపు మండిపోయింది. మన తరఫున మాట్లాడమని పెట్టుకుంటే మనకే ఎదురు మాట్లాడాడు, ఇంకెందుకీ సంఘం అన్నారు. కాలువ గట్టు మీద మా రేకుల షెడ్డులో మీటింగు పెట్టారు. ఆయన మామూలుగానే వచ్చి, మినిట్స్ పుస్తకం తెరిచి, నన్ను తీసెయ్యాలనుకునేవాళ్ళు చేతులెత్తండి అన్నారు. ఆయనే లెక్కపెట్టారు. నా చెయ్యి కూడా లేచింది. ఆ చెయ్యి వైపు చూసి, ఒకటి కలుపుకుని, పక్కవాడి వైపు తిరిగారు. తన తొలగింపును తన దస్తూరీతోనే రాసి సంతకం పెట్టారు. తర్వాత పెన్ను నాకిచ్చారు. కొత్త ప్రెసిడెంటుగా అందరూ నన్నే అనుకున్నారని ఆయనకు ముందే తెలుసు.

తర్వాతి మీటింగుకు ఆయన వచ్చి మూడో వరసలో చాప మీద కూర్చున్నారు. ఆ తర్వాత ఒక్క మీటింగూ మానలేదు. ఆయన్ని పేరు పెట్టి పిలవడానికి ఎవరికీ నోరు రాలేదు. అందరూ ప్రెసిడెంటు గారనే అనేవారు, ప్రెసిడెంటునైన నేను కూడా.

కొన్నేళ్ళకు నాకూ అలాంటి రోజే వచ్చింది. మైలవరం రోడ్డులో మా సభ్యుడు ఒకడు తీగల పక్కన కొమ్మలు కొడుతూ షాకు తగిలి కింద పడ్డాడు. నడుము దెబ్బతింది. కరెంటాఫీసువాళ్ళు, మీవాడు కాగితం అడగకుండానే ఎక్కాడు కాబట్టి మాకు సంబంధం లేదన్నారు. అది నిజమే. వాడే ఆసుపత్రిలో ఏడుస్తూ నాతో చెప్పాడు. ఆఫీసుకు వెళ్ళే రోజు ఏం మాట్లాడాలండీ అని ప్రెసిడెంటు గారిని అడిగాను. "నేను చెబితే అది నా మాటవుద్ది. ఇప్పుడు నువ్వు కదా" అన్నారు. తోడు మాత్రం వచ్చి బయట బల్ల మీద కూర్చున్నారు.

లోపల నేను అబద్ధం చెప్పాను. కాగితం చూపించారు, మావాడు చూశాకే ఎక్కాడు అన్నాను. గట్టిగానే అన్నాను. వాళ్ళ దగ్గర రికార్డు సరిగా లేదు. నమ్మారో, తగువెందుకనుకున్నారో, వైద్యం తామే చేయిస్తామని ఒప్పుకున్నారు. ఆ మనిషి ఇవాళ నడుస్తున్నాడు. మా సంఘంలో నన్ను భుజాల మీద ఎత్తుకున్నంత పని చేశారు.

బయటికి వచ్చి ప్రెసిడెంటు గారికి ఏం చెప్పానో దాచకుండా చెప్పాను. ఆయన విన్నారు. "మంచిదే" అన్నారు. సైకిలు తీసుకుని వెళ్ళిపోయారు. మెచ్చుకున్నారో, బాధపడ్డారో, నన్ను వదిలేశారో నాకు తెలియలేదు. ఆ తర్వాత ఎన్నోసార్లు అడగబోయి మానేశాను. ఇప్పుడు అడగడానికి ఆయన లేరు.

ఆయన పోయిన రోజు మధ్యాహ్నానికి ఉయ్యూరు నుంచి కోటి వచ్చాడు. జుట్టు నెరిసింది. శవం దగ్గర దండం పెట్టి, బయటికి వచ్చి, గోడవారగా నా పక్కన కూర్చున్నాడు.

"అన్నా, ఆ రోజు పొద్దున తాడు నా చేతికిచ్చింది పెద్దాయనే. కట్టకుండా కొయ్యొద్దని మరీ మరీ చెప్పాడు. నేనే సైకిలుకు వేలాడేసి ఎక్కా."

మరి ఈ మాట అప్పుడే మాకెందుకు చెప్పలేదని అడిగాను.

"స్టేషన్లో ఆయన చెబుతాడనుకున్నా. చెప్పలేదు. చెప్పుంటే తప్పు నా ఒక్కడిదే అయ్యేది. మాదే అన్నాడు. ఎందుకన్నాడో ఇన్నేళ్ళూ తెలీలేదన్నా. కోపం మాత్రం అట్టాగే పెట్టుకున్నా."

నాకూ తెలియదురా అన్నాను. వాడు ముందే చెప్పి ఉంటే ఆ రోజు నా చెయ్యి లేచేదా? లేచేదేమో. అప్పుడు మా కోపం ఆయన నిజం చెప్పినందుకు, తాడు గురించి కాదు. ఒకే సంఘానికి ప్రెసిడెంట్లం ఇద్దరం. ఆయన నిజం చెప్పి ఒక మనిషి పని పోగొట్టారు, నేను అబద్ధం చెప్పి ఒక మనిషిని నిలబెట్టాను. అయినా సభ్యుల కష్టం మీద ఏ ఆఫీసుకు వెళ్ళినా, మా మాట నమ్ముతున్నారంటే అది ఆయన చెప్పిన ఆ ఒక్క మాట వల్లే అనిపిస్తుంది. నా అబద్ధం కూడా ఆ నమ్మకం మీదే చెల్లిందేమో. ఇది ఎవరికి అప్పజెప్పి తేల్చుకోవాలో తెలియక మీ ముందు పెడుతున్నాను.

కృష్ణ ఒడ్డున శ్మశానానికి మా సంఘంలో అందరం వెళ్ళాం. చితి పేర్చే మనిషి కట్టెలు దించుతుంటే మావాళ్ళు దగ్గరికి జరిగారు. ఎవరూ అనుకుని చేసిన పని కాదు. ఒకడు ఒక దుంగ కొస తడిమి, ఇది మామిడి అన్నాడు. ఇంకొకడు, కాదు నిద్రగన్నేరు, కోత చూడు ఎంత మొరటుగా కోశారో అన్నాడు. కోటి ఒక్కో దుంగనూ ఎత్తి చూసి, గుల్లబారినదాన్ని పక్కన పడేసి, గట్టిదాన్ని వెతికి ఆయన తల దగ్గర సర్దాడు. కొన్ని ఇంకా పచ్చిగా ఉన్నాయి. నిప్పంటుకున్నాక ఆ పచ్చి దుంగల కోసిన ముఖాల మీద నీరు తేలింది. తెల్లటి నురగై, సన్నగా చప్పుడు చేస్తూ మంటలోకి కారింది. మిగతావాళ్ళంతా స్నానాలకు రేవులోకి దిగారు. మావాళ్ళు మాత్రం తలలు కొంచెం పక్కకు వంచి ఆ చప్పుడు వింటూ, ఆ నురగ ఆరిపోయేదాకా నిలబడ్డారు.