ఊపిరి వదలడం నేర్పిన భూలక్ష్మక్క

ప్రతి ప్రాణిలో ఊపిరై నడిచే నారాయణునికి ముందుగా నా నమస్కారం. తల్లి కడుపులోని చీకటిలో తోడుగా ఉండేవాడు ఆయనే. బయటికి వచ్చిన క్షణాన మొదటి శ్వాసను అడగకుండానే ఇచ్చేవాడూ ఆయనే. ఆయన పేరు తలచుకోకుండా ఏ పనీ మొదలుపెట్టవద్దని మా నాన్న నేర్పారు. నాన్న గుడిలో పారాయణం చేసేవారు. నేను మాటలు నేర్చింది భజన మండలిలోనే. కాబట్టి ఒక మనిషి గురించి రాయబోతూ ఆ మనిషిని నా దారిలోకి పంపిన ఆ నారాయణుణ్ణి ముందుగా స్తుతిస్తున్నాను.

ఇవాళ వాన వెలిసి మంచి ఎండ కాసింది. పెట్టె అడుగున ఉన్న బొంత తీసి మేడ మీద పరిచాను. రంగు ఎక్కని గుడ్డకు ఒక వాసన ఉంటుంది, గంజిదీ మగ్గం నూనెదీ కలిసిన వాసన. సూరత్‌లో మరమగ్గాల మధ్య బతికినవాళ్లకు అది ఇంటి వాసన. ఇన్నేళ్లయినా, ఎన్నిసార్లు ఉతికినా, ఎండ తగలగానే ఆ బొంత లోపలి నుంచి అది మెల్లగా లేస్తుంది. లోపం వచ్చి పక్కన పడేసిన చీర ముక్కలు నాలుగైదు పొరలు వేసి కుట్టిన బొంత అది. నా కూతురు దాని మీద దొర్లుతూ, "అమ్మా, గిది ఎవరిది?" అని అడిగింది. "భూలక్ష్మి అమ్మమ్మది. నువ్వు పుట్టకముందే దీని మీద ఆడుకున్నవ్" అన్నాను. దానికి అర్థం కాలేదు. మీకు అర్థమయ్యేలా చెప్పాలని ఇది రాస్తున్నాను.

భూలక్ష్మక్క మా భవనంలో కింది గదిలో ఉండేది. కరీంనగర్ వైపు నుంచి పెళ్లయిన ఏడాదే సూరత్ వచ్చిందట. ఒక ప్రసూతి ఆసుపత్రిలో ఆయాగా చేరింది. అక్కడి గుజరాతీ డాక్టరమ్మ గర్భిణులకు యోగా నేర్పించేది. ఆ గది ఊడ్చడం భూలక్ష్మక్క పని. ఊడ్చాక వెళ్లిపోకుండా చీపురు పట్టుకుని తలుపు దగ్గర నిలబడి చూసేదట. ఒకరోజు డాక్టరమ్మ గమనించి, "చీపురు అక్కడ పెట్టి లోపలికి రా" అన్నదట. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ఆమె పక్కనే నిలబడి నేర్చుకుంది, నేర్పింది. అక్షరాలు కూడబలుక్కుని చదివే భూలక్ష్మక్కకు ఏ నెలలో ఏ ఆసనం వేయాలో, ఏది వేయకూడదో తడుముకోకుండా వచ్చేది.

మొదటి లాక్‌డౌన్ వచ్చినప్పుడు నాకు ఐదో నెల నిండింది. తొలి కాన్పు పుట్టింట్లో జరగడం మావాళ్ల ఆనవాయితీ. కానీ రైళ్లు ఆగిపోయాయి. అమ్మ ఊళ్లో, నేను ఇక్కడ సూరత్‌లో. మగ్గాలు నడిచిన రోజుల్లో మా వీధిలో మనిషికి తన ఊపిరి తనకు వినపడదు. అవి ఒక్కసారిగా ఆగిపోయేసరికి నాకు నా ఊపిరి వినపడింది, అందులోని భయం కూడా వినపడింది. అమ్మ పక్కన లేకుండా ఎలా కంటాను? వీలైనంత వరకు సహజంగా, నా సొంత బలంతో కనాలని ఆశ. ఆ బలం ఉందో లేదో తెలియదు. ఫోనులో అమ్మ గొంతు వినగానే ఏడుపు వచ్చేది. అత్తమ్మ వంటింట్లోంచి వింటూ ఉండేది.

ఆసుపత్రిలో యోగా తరగతి మూసేసి, భూలక్ష్మక్కను ఇంటి దగ్గరే ఉండమన్నారు. ఆమె మా మేడ మీద నాకూ పక్కింటి సవితకూ నేర్పడానికి ఒప్పుకుంది. అడిగిన వెంటనే ఒప్పుకోలేదు. "డాక్టర్ చీటీ తెచ్చినవా?" అంది. "మన అక్కవే కదా, నీకు తెల్వదా?" అన్నాను. "నాకు తెలిసింది గింతే. నీ కడుపుల ఏమున్నదో డాక్టరుకే తెలుస్తది. చీటీ తే, అప్పుడే మెట్లెక్కు" అంది. డాక్టరు సరేనన్న చీటీ చూపించాకే బొంతలు పరిచింది. దూరం దూరంగా రెండు. ఒకటి ఈ బొంత.

మొదటి రోజు ఆమె, "ఊపిరి ఇడువు, చూస్త" అంది. నాకు లోలోపల గర్వం. భజన మండలిలో పెద్ద పెద్ద స్తోత్రాలు మధ్యలో ఎక్కడా ఆగకుండా ఒకే దమ్ములో చదువుతానని నాకు పేరు. అలాగే గుండెనిండా గాలి పట్టి, బిగించి నిలబడ్డాను. భూలక్ష్మక్క నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"నేను ఇడువుమంటే పడుతున్నవేందే?"

"మెల్లగ ఇడుస్త అక్కా. నాకు దమ్ము ఎక్కువ."

"గింత దమ్ము పట్టుడు గుడిల పనికొస్తది. కాన్పుకు పనికిరాదు. నొప్పొచ్చినప్పుడు పడితే ఒళ్లంత కట్టె అయితది. కట్టెలకెంచి బిడ్డ ఎట్ల దిగుతదవ్వా?"

సవిత నవ్వింది. నాకు కోపం వచ్చింది. "దేవుని పేరు గూడ తీసుకోవద్దా?" అన్నాను. ఆమె నా పక్కన కూర్చుంది. "తీసుకో. కానీ గాలి బయటికి పోయేటప్పుడు తీసుకో. నారాయణా అని ఎంత పొడుగు పోతే గంత పొడుగు. ఆయన పేరు లోపట దాచుకునుడు కాదు, ఇచ్చేసుడు" అంది. చిన్ననాటి నుంచి ఎన్నో ప్రవచనాలు విన్నాను. నామాన్ని అలా ఎవరూ నాకు చెప్పలేదు. ఆ రోజు నుంచి గోడకు వీపు ఆనించి కూర్చుని, పాదాలు కలిపి మోకాళ్లు సీతాకోకచిలుక రెక్కల్లా ఆడిస్తూ, చేతులూ మోకాళ్లూ నేలకు ఆనించి నడుం మెల్లగా ఊపుతూ, ప్రతి నిశ్వాసలో ఆయన పేరు వదలడం సాధన చేశాను.

వారం గడిచాక అత్తమ్మ చూద్దామని పైకి వచ్చి నీళ్ల ట్యాంకు పక్కన కూర్చుంది. ఆమె పేరు రాజవ్వ. ముప్పై ఏళ్లు చీరలు మడత పెట్టిన చేతులు ఆమెవి. ఆసుపత్రిలో హిందీలో నేర్పి నేర్పి భూలక్ష్మక్క నోటికి ఆ మాటలే ముందు వచ్చేవి. హిందీలో సాంస్ అంటే ఊపిరి, సాస్ అంటే అత్త. మధ్యలోని ఆ సున్న భూలక్ష్మక్క నోట ఏనాడూ పలకలేదు. గట్టిగా అంది: "సాస్ కో బాహర్ ఛోడో! పూరా ఛోడో!"

అత్తను బయట వదిలెయ్యి, పూర్తిగా వదిలెయ్యి అని.

అత్తమ్మ లేచి నిలబడింది. "ఏందే భూలక్ష్మీ, నా కోడలికి గిదేనా నువ్వు నేర్పేది?"

సవిత బొంత మీద పడి నవ్వింది. నేనూ నవ్వాను. భూలక్ష్మక్క నాలుక కరుచుకుని, "అయ్యో వదినె, ఊపిరి అంటున్న, ఊపిరి!" అంది. అత్తమ్మ కొంగు సవరించుకుని మెట్లు దిగిపోయింది. రెండు రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడింది. నోరు జారిన మాటకు ఇంత కోపమా అని నవ్వుతూ భూలక్ష్మక్కతో అన్నాను. ఆమె మాత్రం నవ్వలేదు. "నువ్వు పొద్దుగాల లేస్తే అమ్మా అమ్మా అని ఏడుస్తవు. నీకు వండి పెట్టేది ఆమెనాయె. నువ్వు నిజంగ బయటనే ఇడిచినవు ఆమెను. అందుకే మాట తగిలింది" అంది. నేను తల దించుకున్నాను. అందరిలో దేవుణ్ణి చూడాలని మండలిలో పాడేదాన్ని. మా వంటింట్లో మాత్రం చూడలేదు.

తొమ్మిదో నెలలో ఆసుపత్రి వాళ్లు తోడుకు ఒక్క ఆడమనిషినే రానిస్తామన్నారు. నేను పరుగున కిందికి వెళ్లి భూలక్ష్మక్క చేతులు పట్టుకున్నాను. "నువ్వే రావాలె అక్కా. నువ్వుంటే నేను కంట."

"నేను రాను."

"ఎందుకక్కా?"

"రేపు పిల్లను ఎత్తుకుని మీ ఇంట్ల తిరిగేది నేనా? వదినె. ఆమెను తీసుకపో. నాకొచ్చింది ఆమెకు నేర్పుత."

బతిమాలాను, ఏడ్చాను. ఆమె కదల్లేదు. మర్నాటి నుంచి అత్తమ్మనే మేడ మీదికి పిలిచింది. నొప్పి వచ్చినప్పుడు నడుం కింద అరచేయి ఎక్కడ అదమాలో, ఎలా నిలబడితే కోడలు భుజాల మీద వాలగలదో నేర్పింది. అత్తమ్మ బుద్ధిగా నేర్చుకుంది. "చీర మడత పెట్టినట్టే ఉన్నది గదా" అంటూ నా నడుం మీద చేతులు నడిపేది. ఆ చేతులు ఎంత మెత్తనివో ఆ నెలలోనే నాకు తెలిసింది.

నెలలు నిండాక ఒక తెల్లవారుజామున నొప్పులు మొదలయ్యాయి. ఆసుపత్రి గేటు దాకా భూలక్ష్మక్క వచ్చింది. "నీకు రాసిపెట్టినట్టు అయితది. కోత పడినా భయపడకు, అదీ దేవుని తోవనే" అని చెప్పి రోడ్డుకు అవతల ఆగిపోయింది. లోపల గంటలు గడిచాయి. నొప్పులు పెరిగేకొద్దీ నేర్చుకున్నదంతా మరిచిపోయాను. పాత అలవాటు తిరిగి వచ్చింది. పళ్లు బిగించి, ఊపిరి పట్టి, మనసులో స్తోత్రం మీద స్తోత్రం చదువుతున్నాను. ఒళ్లు కట్టె అయిపోయింది. డాక్టరు చూసి, బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోందని, అయితే నేను అలసిపోతున్నానని, ఇంకొంతసేపు చూసి ముందుకు సాగకపోతే ఆపరేషన్ చేద్దామని చెప్పింది. నర్సు నా భుజం తట్టి మాస్కులోంచి అరిచింది: "బెహన్, సాంస్ ఛోడో! ఛోడో!"

మాస్కులో ఆ సున్న ఎక్కడో మింగుడు పడిపోయింది. రెండు మాస్కులు కట్టుకుని నా నడుం పట్టుకున్న అత్తమ్మ తల ఎత్తి, "అగో, ఈమె గూడ నన్నే ఇడిచిపెట్టుమంటున్నది!" అంది.

నాకు నవ్వు వచ్చింది. ఆ నొప్పిలో, కన్నీళ్లలో, పొట్ట కదిలేలా నవ్వాను. ఎంతసేపటి నుంచి పట్టి ఉంచానో ఆ గాలంతా ఒక్కసారిగా బయటికి పోయింది. భుజాలు దిగాయి. "ఇడువు బిడ్డా, నన్ను ఇడువు. నేనేడికి పోత, నీ ఎన్కనే ఉన్న" అంది అత్తమ్మ. నర్సును అడిగి మంచం దిగాను. అత్తమ్మ మెడ చుట్టూ చేతులు వేసి నిలబడి ఊగాను. నారాయణా అని ఎంత పొడుగు పోతే అంత పొడుగు వదిలాను. మళ్లీ నొప్పి, మళ్లీ నామం. మధ్యాహ్నానికి నా కూతురు ఏడుస్తూ వచ్చింది. ఆ మొదటి ఏడుపు కూడా బయటికి వదిలిన ఊపిరే.

కబురు చెప్పడానికి అత్తమ్మ గేటు దగ్గరికి వెళ్లింది. భూలక్ష్మక్క ఇంకా రోడ్డుకు అవతలే నిలబడి ఉందట. దూరం నుంచే ఇద్దరూ చేతులు జోడించుకున్నారట. తర్వాతి నెలలో సవితకు ఆపరేషన్ అయింది. అదే సాధన చేసిన మనిషి కదా, ఓడిపోయానని ఏడ్చింది. భూలక్ష్మక్క ఆ బిడ్డను ఎత్తుకుని, "ఇది ఆ తలుపుల వచ్చింది, అది ఈ తలుపుల వచ్చింది. రెండు తలుపులు తీసింది ఒక్కడే గదనే పిచ్చిదానా" అంది. నా కాన్పుకు ఎంత సంబరపడిందో సవిత కాన్పుకూ అంతే సంబరపడింది.

ఇప్పుడు ఆమె సూరత్ పక్కన కడోదరాలో కూతురి దగ్గర ఉంటోంది. మోకాళ్లు సహకరించడం లేదు, మా మెట్లు ఎక్కలేకపోతోంది. అక్కడి నుంచే ఫోనులో, "వదినె మంచిగున్నదా?" అని ముందు అత్తమ్మనే అడుగుతుంది. నేను ఎవరికీ గురువును కాను. కానీ మా వీధిలో ఎవరైనా నెలలు నిండుతూ భయంగా అడిగితే, డాక్టరు చీటీ చూశాక ఈ బొంత పరుస్తాను. మీ ఇంట్లో ఎవరుంటే వాళ్లనూ పైకి తీసుకురా అంటాను. భజనలో కూడా ఇప్పుడు ఒకే దమ్ములో చదవను. ఆగుతాను. పక్కవాళ్ల గొంతు వినపడే చోటు ఉంచుతాను.

ఇంతదాకా చదివిన మీరు, మీ నోట ఏ పేరు పలుకుతుందో ఆ పేరుతోనే, ఒక్కసారి ఊపిరిని మెల్లగా వదిలి నాతో ప్రార్థించండి. తండ్రీ, ఈ పూట నొప్పులు పడుతున్న ప్రతి తల్లికీ నడుం మీద ఒక మెత్తని చేయి ఇవ్వు. నువ్వు ఏ తలుపు తీసినా భయపడని మనసివ్వు. మా భూలక్ష్మక్క మోకాళ్లకు, ఇంకొక్కసారి ఈ మేడ ఎక్కే బలమివ్వు.