అమ్మకు వినబడిన గంజి

కరోనా వచ్చి పోయాక మా చెల్లి మంచం దిగలేదు. జ్వరం వారానికే తగ్గింది. రక్తపరీక్షలు, ఎక్స్‌రే అన్నీ నార్మల్. మరి ఎందుకు లేవదు? కామాఠిపురాలో మూడో అంతస్తు గది, అమ్మతో కలిపి ముగ్గురం ఆడవాళ్ళం, పనికి పోయేదాన్ని నేనొక్కదాన్నే. నాకు ఒళ్ళు మండిపోయేది.

చీరల దుకాణంలో రోజంతా నిలబడి అమ్మిన పిల్ల, ఇప్పుడు దువ్వెన ఎత్తితే చేయి వణుకుతోందనేది. నాటకాలనుకున్నాను. కామాఠీ అంటేనే కాయకష్టం చేసేవాడు, మన తాత రాళ్ళు మోసి ఈ ఊరు కట్టాడు, ఆ ఇంట్లో ఈ కామ్‌చోర్ ఎక్కడ పుట్టిందే అని చాల్‌లో గదులన్నిటికీ వినబడేలా అన్నాను. నా నోరు మంచిది కాదు.

అంతటితో ఊరుకున్నానా? నడిస్తేనే బలం వస్తుందని రోజూ పొద్దున మెట్లు దిగి ఎక్కమన్నాను. కింద కాపలా నిలబడ్డాను. మర్నాటికి శవంలా పడి ఉండేది, అయినా లేపేదాన్ని. పదిహేనో రోజు గోడ పట్టుకుని కూలబడింది. తర్వాత కూర్చోవడం కూడా పోయింది. ఇప్పటికీ ఆ చెక్కమెట్ల మీద ఎవరు నడిచినా చెల్లి అడుగులే అనిపించి లెక్కపెడతాను.

టాక్సీలో పడుకోబెట్టి దాదర్‌లో ఆస్పత్రికి తీసుకుపోయాం. డాక్టరమ్మ మరాఠీలో విడమరిచి చెప్పింది. పీల్చిన ఆక్సిజన్‌తో కణాలు శక్తి తయారుచేసుకునేటప్పుడు చెరుపు చేసేవీ కొన్ని పుడతాయట. మంచి ఒళ్ళు వాటిని ఎప్పటికప్పుడు అణిచేస్తుంది. వైరస్ పోయినా కొందరిలో అవి పేరుకుపోతాయేమో, లోపల గంజ్ పడుతున్నట్టే అంది. గంజ్ అంటే తుప్పు. పూర్తిగా ఎవరికీ ఇంకా తెలియదు గానీ, శక్తికి మించి కదిలిస్తే ముదురుతుందట. ఎవరైనా బలవంతంగా నడిపించారా అని అడిగింది. టాక్సీ పిలుస్తానని నేను బయటికి వచ్చేశాను.

ఇన్నేళ్ళున్నా అమ్మకు మరాఠీ కూరగాయల బేరం వరకే. ఆమెకు గంజి అని వినబడింది. ఆ రోజు నుంచి అన్నం వార్చి, ఉప్పేసి, చెంచాతో తాపుతోంది. నేను సరిదిద్దలేదు. దిద్దితే తుప్పు సంగతి చెప్పాలి, ఆపైన అది నేను ఎక్కించిన మెట్లతోనే ముదిరిందనీ చెప్పాలి. నాకు భయం.

మొన్న అమ్మ నీళ్ళకు పోయినప్పుడు చెల్లి పక్కన కూర్చున్నాను. అంత కష్టమవుతుంటే నా మాట ఎందుకు విన్నావని అడిగాను. కళ్ళు తెరవకుండానే చెప్పింది.

“నేనే నాటకమాడుతున్ననేమో అనుకున్న అక్కా. నా ఒళ్ళు నాకు అబద్ధం చెప్తుందేమో గని, నువ్వు చెప్పవు గద.”