మిల్లు కంప్యూటరుకి దిష్టి తీసిన పూట

కంప్యూటర్లు ఇంకా ఏసీ గదుల్లో కూర్చుని, చెప్పులు విప్పినవాళ్లకే దర్శనమిచ్చే కాలమది. వాటి గురించి నాలుగు ముక్కలు తెలిసిన కుర్రాడు తనని తాను వైద్యుడికీ పూజారికీ మధ్యరకం మనిషిగా లెక్కవేసుకునేవాడు. నేనైతే ఆ ఇద్దరికీ పైన ఎక్కడో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. దక్షిణాఫ్రికాలో కొత్త జెండా ఎగిరి, దాని రంగులింకా వెలవని రోజుల్లో హైదరాబాదు నుంచి డర్బన్‌కీ, అక్కడి నుంచి స్టాంగర్ పక్కనున్న ఒక చక్కెర మిల్లుకీ వచ్చిపడ్డాను. అక్కడి డేటాబేస్ బాగోగులు చూడటం నా ఉద్యోగం. డేటాబేస్ అంటే మరేం కాదు, మిల్లుకి వచ్చే ప్రతి చెరకు లారీ బరువూ, రైతు పేరూ, చెరకులో తీపీ గుర్తుపెట్టుకుని అడగ్గానే చెప్పే పెద్ద బుర్ర. ఆ బుర్రకి జ్వరం వచ్చిందా, ఎక్కడైనా అడ్డం పడిందా అని కనిపెట్టడానికి నేనొక సాఫ్ట్‌వేర్ తెచ్చిపెట్టాను. తెరమీద వరసగా దీపాలుంటాయి. ఆకుపచ్చ అయితే క్షేమం, పసుపు అయితే కాస్త నలత, ఎరుపు అయితే బంధువులకి కబురు చెయ్యాల్సిన ఘడియ.

మా మిల్లు మేనేజరు చాలా పొడుగు మనిషి. (నిలబడి మాట్లాడితే ఆయన మాటలు మన దాకా దిగేసరికి చల్లారిపోయేవి.) అప్పట్లో ఆ దేశంలో ఎవరి నోట విన్నా పారదర్శకత అన్నమాటే. ఇన్నాళ్లూ తలుపులు మూసుకుని నడిపినవన్నీ ఇక అందరూ చూడాలి. ఎంతోమంది ఎన్నో ఏళ్లు ఎదురుచూసిన మాట అది, దానికి వంకపెట్టేవాణ్ణి కాను. మేనేజరు నా దీపాల తెర చూసి ముచ్చటపడి, "ఇది అందరి బల్లల మీదా ఉండాలి. ఆఫీసులో, ప్రయోగశాలలో, కార్మిక సంఘం గదిలో, రైతు ప్రతినిధుల గదిలో. ఇకమీదట ఇక్కడ రహస్యాలు లేవు" అన్నాడు. నేను ఉత్సాహం పట్టలేక ప్రతి తెరా సెకనుకోసారి డేటాబేస్‌ని పలకరించేలా అమర్చాను. అయిదు నిమిషాలకోసారి చాలని పుస్తకంలో ఉంది గానీ, అయిదు నిమిషాలకోసారి కదిలే ముల్లుని ఎవడు చూస్తాడు? సెకనుకోసారి అయితే ముళ్లు కూచిపూడి ఆడేవి. పైగా ఏ తెరకైనా సంబంధం తెగితే తనంతట తనే మళ్లీ అతుక్కునే ఏర్పాటు కూడా చేశాను. దాని మీద నేనిచ్చిన ఉపన్యాసానికి ఇద్దరు చప్పట్లు కొట్టారు. (ఒకాయన కొట్టింది దోమని.)

నేను అద్దెకుంటున్నది లారీ మామ ఇంట్లో. ఆయన ముత్తాత ఓడెక్కి చెరకు తోటల్లో పనికి వచ్చినవాడు. మామకి సొంతంగా కొండవాలున కాస్త చెరకు, ఒక ముసలి లారీ, ఆ లారీ కన్నా ముసలిదైన తల్లీ ఉండేవారు. ఆ తల్లిని ఊరంతా అవ్వ అనే పిలిచేది. వాళ్ల తెలుగు ముత్తాత ఓడలో తెచ్చుకున్నంతే మిగిలింది, మిగతాది ఇంగ్లీషు, కొంచెం జూలూ. ఆ ఏడాది మామ పాత మొక్కలు పీకేసి కొత్తవి నాటాడు. మొదటి కోత అదే. చెరకుని అక్కడ ముందు ఆకు తగలబెట్టి కోస్తారు. కాలిన చెరకు త్వరగా మిల్లు చేరకపోతే ఎండకి పులుస్తుంది, పులిస్తే మిల్లు తీసుకోదు. "మిల్లు తెరిచిన మొదటి రోజు కొయ్యనా, రష్ తగ్గేక కొయ్యనా?" అని మామ నన్ను సలహా అడిగాడు. నేను అన్నం కలుపుతున్న చెయ్యి అలాగే పైకెత్తి, "మొదటి రోజే కొయ్యండి మామా! నా సాఫ్ట్‌వేర్ ఉండగా లారీ ఇలా ఎక్కి అలా దిగడమే!" అని అభయమిచ్చాను. రెండు మెతుకులు ఆయన చొక్కా మీద పడ్డాయి. ఆయన వాటిని అక్షింతల్లా స్వీకరించి, పొలానికి నిప్పు పెట్టించాడు.

మిల్లు తెరిచిన రోజు రానే వచ్చింది. పొద్దున్నే అందరూ ఎవరి బల్లల దగ్గర వాళ్లు కూర్చుని దీపాలు వెలిగించుకున్నారు. మొదటి లారీలు బాగానే వెళ్లాయి. ఎండ ముదిరేసరికి ఒక దీపం పసుపుకి తిరిగింది. దాన్ని చూసి ఇంకొకటి తిరిగింది. తర్వాత తెరంతా కుంకుమ చల్లినట్టయింది. తూకం దగ్గర లారీ ఎక్కి నిలబడితే, బరువు నమోదు కావడానికి పట్టే కాలంలో ఆ డ్రైవరు గడ్డం ఒక అంగుళం పెరుగుతోంది. లారీల వరస గేటు దాటి, మలుపు దాటి, రోడ్డెక్కి, నా అంచనా ప్రకారం హిందూ మహాసముద్రం దాకా పోయింది. హారన్ల మోతకి ప్రయోగశాలలో గాజు గొట్టాలు వణికాయి.

తూకం గుమాస్తాని అందరం బాబా అనేవాళ్లం. (జూలూలో బాబా అంటే నాన్నగారు.) నేను పరిగెత్తుకుంటూ వెళ్లి, "బాబా, ప్రస్తుతానికి చేత్తో రాసి పంపించెయ్యండి" అన్నాను.

ఆయన నన్ను కళ్లజోడు మీదుగా చూశాడు. "హావ్! చేత్తోనా, నాయనా? ఎన్నేళ్లు చేత్తో రాశారో, ఎవరి చెరకు ఎంత తేలికైపోయిందో ఈ వరసలో ఎవరినైనా అడుగు. ఇవాళ నేను పెన్ను తీశానంటే నన్నే పట్టుకుని తూకం వేస్తారు."

వరస మధ్యలో లారీ మామ కనిపించాడు. లారీ పక్క నిలబడి, ఒక చెరకు ముక్క విరిచి వాసన చూస్తున్నాడు. మళ్లీ ఇంకో ముక్క విరిచి చూస్తున్నాడు. నన్ను చూసి అరవలేదు. అరిస్తే బాగుండేది.

"బాబూ, నువ్వు చెప్పింది కదా, నో వెయిటింగ్ అని? సూడు, సన్ ఎంత హాట్. ఇంకా స్వీట్ ఉంది, మ్యాన్. మజ్జాన్నం అయ్యేక ఉండదు. వాళ్లు నో అంటే మొత్తం డంప్. ఈ ఇయర్ నాకు ఇంకోటి లేదు."

నేను ఏసీ గదికి పరిగెత్తాను. ఆ పరుగుకి నా చెప్పొకటి గుమ్మంలోనే విడిపోయింది. డేటాబేస్‌ని అంతగా అలిసిపోయేలా చేస్తున్న ప్రశ్న ఏదో చెప్పమని నా సాఫ్ట్‌వేర్‌నే అడిగాను. అది చాలాసేపు నీళ్లు నమిలి, చివరికి సిగ్గుపడుతూ తన పేరే చెప్పింది. నమ్మలేక మళ్లీ అడిగాను. మళ్లీ అదే పేరు. మిల్లంతా కలిపి ఎన్ని తెరలున్నాయో అన్నీ సెకనుకోసారి "ఒంట్లో ఎలా ఉంది? ఒంట్లో ఎలా ఉంది?" అని అడుగుతున్నాయి. దీపం ఎర్రబడగానే కంగారుపడి ఒక్కొక్కరూ ఇంకో రెండు తెరలు తెరిచారు, అవీ అడుగుతున్నాయి. సొమ్మసిల్లిన మనిషి చుట్టూ ఊరంతా మూగి గాలి ఆడకుండా నిలబడితే ఎలా ఉంటుందో అలా ఉంది నా డేటాబేస్ పరిస్థితి. లారీల తూకం పాపం ఆ గుంపు వెనకాల ఎక్కడో మునివేళ్ల మీద నిలబడి చెయ్యి ఊపుతోంది. తెరల్ని నా గదిలోంచే తెంపేశాను. చప్పట్లు కొట్టించుకున్న ఆ ఏర్పాటు పుణ్యమా అని అవన్నీ వెంటనే తిరిగి అతుక్కున్నాయి. సాఫ్ట్‌వేర్‌నే ఆపేద్దామని ఆజ్ఞ ఇస్తే, ఆ ఆజ్ఞ కూడా వెళ్లి గుంపు వెనకాల నిలబడింది. తీగ పీకేద్దామంటే తూకానికీ వాళ్లకీ ఒకటే తీగ. ఇక మిగిలింది ఒక్కటే దారి, ఎవరి యంత్రాన్ని వాళ్లు ఆర్పడం.

ఆ దారి ఎంత పొడుగో మేనేజరు గదిలో తెలిసింది. "ఆర్పాలా? ఇప్పుడా? ఇల్లు కాలుతుంటే కిటికీ మూసుకోమంటావా?" అన్నాడాయన, తెర మీంచి కళ్లు తిప్పకుండా. ప్రయోగశాల పెద్ద, "ముందు మేనేజర్ని ఆర్పమను" అన్నాడు. కార్మిక సంఘం ఆయన చేతులు కట్టుకుని, "ఇన్నేళ్లకి చూడనిచ్చారు. ఎర్రదీపం వెలిగిన మొదటి రోజే కళ్లు మూసుకోమంటారా? ఏమిటి దాస్తున్నారు?" అన్నాడు. రైతు ప్రతినిధి నా కళ్లముందే నాలుగో తెర తెరిచాడు.

వరండాలోకి వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాను. మెట్ల దగ్గర అవ్వ కనిపించింది. వరసలో నిలబడ్డ కొడుక్కి అన్నం పట్టుకుని, పక్కింటివాళ్ల చిన్న వ్యానెక్కి వచ్చింది.

"ఏటి అబ్బాయా, మొకం ఏల మాడిపోయె? బువ్వ తిను ఫస్ట్, దెన్ ఏడుద్దువు."

"కంప్యూటరు పడిపోయింది అవ్వా."

"కొత్తదే కదా? అందరూ సూసేరా?"

"చూస్తూనే ఉన్నారు అవ్వా. అదే వచ్చిన బాధ."

"మరి దిష్టి తగల్దా? ఉప్పూ మిరపకాయలూ పట్రా. నేను తీస్తాను, వన్ మినిట్."

నాకు ఒళ్లు ఝల్లుమంది. దిష్టి మీద నమ్మకం పుట్టి కాదు. దిష్టి తీస్తే జనం ఏం చేస్తారో గుర్తొచ్చి. లేచి వస్తారు, చుట్టూ చేరతారు, తీసేవాళ్లు పొమ్మన్నచోటికి పోతారు. అవ్వని చెయ్యి పట్టుకుని తిన్నగా మేనేజరు గదిలోకి నడిపించాను.

"సార్, మా హైదరాబాదులో పెద్ద యంత్రం మొరాయిస్తే ఇది చెయ్యనిదే ఇంజనీరు గుమ్మం తొక్కడు" అన్నాను. (యంత్రాలకి పూజ చెయ్యడం మాత్రం నిజం. మిగతాది ఆ క్షణంలో పుట్టింది.) "కాకపోతే ఒక నియమం ఉంది. ఆ యంత్రాన్ని చూస్తున్న ప్రతి కన్నూ మూయాలి. అంటే ప్రతి డబ్బా ఆర్పాలి. ఆర్పి, అందరూ పెరట్లోకి రావాలి."

మేనేజరు అవ్వ వైపు చూశాడు. అవ్వ ఆయన వైపు, మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూసింది. అన్ని సంప్రదాయాలనీ గౌరవించాలని అంతకు ముందు వారమే ఆయన మా అందరికీ ఉపన్యాసమిచ్చి ఉన్నాడు. దాన్నిప్పుడు మింగలేడు, కక్కలేడు. ఈలోగా తూకం దగ్గర తన కుర్రాణ్ణి కూర్చోబెట్టి తలుపు దగ్గరికి వచ్చిన బాబా, "చెయ్యనివ్వండి. మా వైపూ పెద్దవాళ్లు చెప్తే ఎందుకని అడగం" అన్నాడు గంభీరంగా. కార్మిక సంఘం ఆయన తూకం గుమాస్తా మాట కాదనలేడు, ఆయన ఆర్పాక ప్రయోగశాల ఆర్పకుండా ఉండలేదు, అందరూ ఆర్పాక మేనేజరు ఒక్కడే మిగిలాడు. ఆయన గుండె రాయి చేసుకుని తెర మీట నొక్కాడు. "తెర కాదు సార్, డబ్బా" అంటూ నేను బల్ల కింద దూరి అసలు మీట నొక్కి వచ్చాను. తలకి తగిలిన బొప్పి గుమ్మడికాయంత అయింది.

అవ్వ ఏసీ గది గుమ్మంలో నిలబడి, గుప్పిట్లో మిల్లు వంటగదిలోంచి తెచ్చిన ఉప్పూ ఎండుమిరపకాయలూ పెట్టుకుని చెయ్యి తిప్పింది. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, ఆఫీస్ దిష్టి, మేనేజర్ దిష్టి" అంది. తన పేరు విని మేనేజరు తల వంచాడు. తర్వాత అందరం పెరట్లోకి వెళ్లాం. అక్కడ రాజేయించిన బొగ్గుల మీద అవ్వ గుప్పిలి విప్పింది. ఆఫీసంతా ఊపిరి బిగబట్టి ఆ బొగ్గుల కేసి చూస్తోంది. నేనొక్కణ్ణే తూకం కేసి చూస్తున్నాను. లారీ కదల్లేదు. ఇంకా కదల్లేదు. నా ఊహంతా తప్పయితే? మామ చేతిలో చెరకు ముక్క ఉంది, ముక్కు దగ్గరకి మాత్రం పోవడం లేదు. వాసన చూడటానికి కూడా భయపడుతున్నాడు.

అంతలో లారీ కదిలింది. వెనకదీ ఎక్కింది. అదీ కదిలింది. బాబా చెట్టంత మనిషి, తన గదికి పరిగెత్తాడు. సరిగ్గా అప్పుడే మిరపకాయల ఘాటు అందుకుంది. మేనేజరు దగ్గాడు, సంఘం దగ్గింది, ప్రయోగశాల దగ్గింది, రైతు ప్రతినిధి కుర్చీ వెతుక్కుంటూ దగ్గాడు. తూకమేమో చకచకా నడుస్తోంది. "పనిచేసింది! పనిచేసింది!" అని అందరూ కళ్లనీళ్లు కారుస్తూ ఒకరినొకరు కావలించుకున్నారు.

అవ్వ మాత్రం నవ్వలేదు. నా చొక్కా పట్టుకుని పక్కకి లాగింది. "దిష్టి ఉంటే ఘాటు రాదురా. ఇంత దగ్గేరు అంటే దిష్టి లేదు. యూ డిడ్ సంథింగ్. ఏటి సేసేవు?"

"అందర్నీ చూడకుండా చేశాను అవ్వా."

ఆవిడ నా చొక్కా వదిలి, "పోన్లే, వాళ్లకి సెప్పకు" అంది.

మామ లారీ వంతు వచ్చేసరికి సూర్యుడు నెత్తి దాటాడు. ప్రయోగశాల మనిషి రసం తీసి, గొట్టం ఊపి, వెలుతురుకి పెట్టి, మళ్లీ ఊపాడు. అంతసేపూ మామ నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ వేళ్ల అచ్చులు చాలాసేపు పోలేదు. "అంచు మీద ఉంది. పోనీ" అన్నాడా మనిషి. మామ లారీ బానెట్‌ని మనిషి వీపు తట్టినట్టు తట్టి, వెళ్లి చక్రం పక్కన కూలబడి, అప్పుడు అడిగాడు తల్లిని, "అమ్మా, బువ్వ ఏదీ?" అని. నేనూ పక్కన కూలబడ్డాను. ఒకే గిన్నెలో తిన్నాం. కూరలో ఉప్పు లేదు. పొద్దుటి హడావిడిలో వేశాననుకుని అవ్వ మర్చిపోయిందట. అంత రుచైన కూర నేను మళ్లీ తినలేదు.

తర్వాత నేను మేనేజరుకి, సంఘం ఆయనకి ఉన్న సంగతంతా బొమ్మ గీసి చెప్పాను. బల్లల మీది తెరలు తీసేసి, భోజనశాలలో అందరికీ కనబడేలా ఒకటే పెద్ద టీవీ వేలాడదీశాం. అది అయిదు నిమిషాలకోసారి అడిగేది, అందరూ కలిసి చూసేవారు, ఎవరి హక్కూ పోలేదు. అయినా ప్రతి ఏడాదీ మిల్లు తెరిచే రోజు మేనేజరు స్వయంగా కారు పంపించి అవ్వని పిలిపించేవాడు. బొమ్మ చూసి తల ఊపిన మనిషే! ఆవిడ ఉన్నన్నాళ్లూ వెళ్లింది, దగ్గించి వచ్చింది.

ఇప్పుడు నాకూ జుట్టు నెరిసింది. ఈమధ్య డాక్టరు ఒక చిన్న రక్తపోటు యంత్రం చేతిలో పెట్టి, పొద్దున ఒక్కసారి చూసుకోమన్నాడు. ఒకసారి చూస్తాను. కాస్త ఎక్కువగా ఉంటుంది. కంగారుపడి మళ్లీ చూస్తాను, ఇంకాస్త ఎక్కుతుంది. ఖాయం చేసుకుందామని మళ్లీ చూస్తాను. మొన్న మా ఆవిడ దాన్ని లాక్కుని ఎక్కడో దాచేసింది. నేను వెతకలేదు. (వెతికాను. దొరకలేదు.) వెతుకుతూ వెతుకుతూ బీరువా అద్దంలో పట్టుబడ్డ మనిషిని చూస్తే మాత్రం నవ్వొచ్చింది. ఇన్నేళ్లు ఈ విద్యతో బతికాడు, పాపం, ఇంకా సెకనుకోసారి తనని తనే "ఒంట్లో ఎలా ఉంది?" అని పలకరించుకుంటున్నాడు.