పట్టీలైపోయిన పాట

ఇంటర్వ్యూ కోసం శ్రీకాకుళం నుంచి వెళ్లి, ఉప్పల్‌లో నాచారం షేర్ ఆటో ఎక్కాను. పక్కన కూర్చున్న ముసలావిడ సన్నగా ఏదో తెలుగు కీర్తన పాడుకుంటోంది. బాగుందన్నాను.

"మేం అరవోళ్లం బిడ్డా. సినిమాలకు మాటలొచ్చిన కొత్తల, అరవం సినిమాల మా అమ్మ పాడింది ఇది."

"తమిళ సినిమాలో తెలుగు పాటేమిటి మామ్మగారూ?"

"అప్పట్ల గట్లనే. మాట్లాడుడు అరవంల, పాడుడు తెలుగుల. నిండ పాటలే, కథకు జాగ లేకుండె."

ఇప్పుడు పాటలు తగ్గినా కథకు చోటు దొరకడం లేదన్నాను. ఆమె నవ్వలేదు.

"ఆ సినిమా ఎక్కడ దొరుకుతుంది?"

"పాత రీళ్లల్ల వెండి ఉంటది గద, కరగబెట్టి తీసుకున్నరు. మా అమ్మ గొంతు ఎవరి కాళ్లకు పట్టీలైందో. ఈ పాట నాకొక్కదానికే యాదికున్నది. మా ఇంట్ల వినే ఓపిక ఎవ్వరికి లేదు. జర నీ ఫోన్ల పట్టుకో."

రికార్డింగ్ నొక్కి పట్టుకున్నాను. కళ్లు మూసుకుని మొత్తం పాడింది. పేరడిగేలోపే నాచారంలో దిగిపోయింది.

తిరుగు రైల్లో విన్నాను. ఆటో ఇంజను, "నాచారం, నాచారం" అన్న డ్రైవర్ కేక చాలా స్పష్టంగా ఉన్నాయి. ఆమె గొంతు లేదు. దీన్ని కరగబెడితే వెండి కూడా రాదు.