మా అత్త చేసిన ఎండపిడి

మొన్న మధ్యాహ్నం వసారాలో నులకమంచం మీద కూర్చుని ఉంటే, మా మనవరాలి కూతురు వై.ఎన్.హొసకోటలో కొనిపించుకున్న ప్లాస్టిక్ తుపాకి తెచ్చి నా గుండెకు గురిపెట్టింది. మీట నొక్కితే ఎర్రటి వెలుగు, కుయ్‌కుయ్‌మని ఒక మోత. "అవ్వా, నువ్వు సచ్చిపోతివి, పండుకో" అంది. "నేను చావను పో, నీ తుపాకి ఎండ తాగలే" అన్నాను. ఆ పిల్లకు ఏమీ అర్థం కాలేదు. డెబ్భై ఏళ్ళకు పైగా ఎవరితోనూ అనని ఆ మాట నా నోట ఎలా వచ్చిందో నాకూ కాసేపు తెలియలేదు. ఆ తరువాత ఇక కునుకు పట్టలేదు. కళ్ళు మూస్తే మా మేనత్తే.

మైసూరు మహారాజుగారి ఏలుబడి చివరి రోజులవి. మాది పావగడ తాలూకాలో సరిహద్దు ఊరు. మా చేని గట్టు దాటితే ఇంగ్లీషువాళ్ళ జిల్లా. మా మేనత్త అంటే నాన్నకు చెల్లెలు. పెళ్ళయిన ఏడాదికే "ఆ ఇంట్లో పుస్తకం ముట్టుకోనియ్యరు" అని ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని తిరిగొచ్చేసింది. తుమకూరు వెళ్ళి టీచరు ట్రైనింగు చేసి, మా ఊరి బడిలోనే పంతులమ్మ అయింది. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు, కోపం వస్తే రెండూ కలిపి. జుట్టుముడిలో ఎప్పుడూ ఒక పెన్సిలు గుచ్చి ఉండేది. తలంటుకునే రోజు కూడా ముందు పెన్సిలు తీసి గూట్లో భద్రం చేశాకే కుంకుడుకాయల దగ్గరికి వచ్చేది.

మా మేనమామ యుద్ధకాలంలో బెంగళూరు మిలిటరీ క్యాంపులో లారీ డ్రైవరు. యుద్ధం అయిపోయాక బూట్లు, ఒక పింగాణీ లోటా, అమెరికా సిపాయిలు పారేసిన కథల పత్రికల కట్ట పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. గోడ మన్ను రాలకుండా అతికించుకోమని ఆ కాగితాలు తెచ్చాడు పాపం. ఒక అట్టమీద గాజుబుర్ర తగిలించుకున్న మనిషి, చేతిలో చిన్న పిస్తోలు, దాని మూతి నుంచి పచ్చటి కాంతి. అత్త ఆ కట్టను ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. నిఘంటువు పక్కన పెట్టుకుని నెలల తరబడి చదివింది. అన్నీ అయ్యాక పెదవి విరిచింది. "తుపాకి బాగుండాది. దానికి శక్తి యాడినించి వస్తాదో ఒక్కడూ సెప్పలే. ఊరికే నొక్కతాడు, కాలిపోతాది. ఇదేం కథ?" అంది. ఆ చిరాకులోనే ఆమె సొంత కథ మొదలుపెట్టింది.

ఆమె కథలో భూమి లేదు. రెండు సూర్యుళ్ళున్న లోకం. అక్కడివాళ్ళ ఆయుధం పేరు ఎండపిడి. పిడికిట్లో ఇమిడేంత, ఇత్తడి ఒళ్ళు, లోపల ఒక స్ఫటికం. పొద్దుటినుంచి మిద్దెమీద ఎండబెడితే ఎంత ఎండ తాగిందో అంతే పనిచేస్తుంది, అంతకు మించి ఒక్క మెరుపు ఎక్కువ రాదు. మూడు గాట్లు. మొదటి గాటుకు తిప్పితే చెంబుడు నీళ్ళు మరుగుతాయి. రెండో గాటుకు ఎదుటివాడి చెయ్యి, చాలాసేపు దానిమీద పడుకుంటే మొద్దుబారినట్టు, మొద్దుబారిపోతుంది. మూడో గాటుకు బండ చీలుతుంది. బొమ్మలు గీసింది నేను. అప్పుడు నాకు పదిహేనేళ్ళు. పిస్తోలు పిడి ఎలా ఉంటుందో ఎన్నడూ చూడలేదు కాబట్టి మా ఇంటి కొడవలి పిడి చూసి గీశాను. "సరిగ్గా ఉండాది. పట్టుకున్నోళ్ళ చెయ్యి నొయ్యగూడదు" అని అత్త మెచ్చుకుంది.

సెలవు రోజుల్లో మా వాకిట్లో ఆడవాళ్ళు విత్తనానికి చెనక్కాయలు వొలిచేవాళ్ళు. అత్త తిన్నెమీద కూర్చుని వాళ్ళకు కథ చదివేది. కాయలు పటపటమనే చప్పుడు మధ్యలో యుద్ధాలు జరిగేవి. వాళ్ళ అనుమానాలు మా అత్త అనుమానాలకంటే గట్టివి. మబ్బు పడితే ఏం చేస్తారని ఒకామె అడిగితే, "మనకు మబ్బు యాడొస్తాదిలేక్కా" అని ఇంకొకామె అనడం, అందరూ నవ్వడం. ఒకరోజు అందరికంటే పెద్దామె ఒలిచే కాయ ఆపి, "అది నా సేతికిచ్చినా పేలుతాదా అమ్మయ్యా?" అని అడిగింది. "ఎవురి సేతికిచ్చినా పేలుతాది. ఎండకు ఆడా మగా తెల్దు, కులం తెల్దు" అంది అత్త. ఆ పెద్దామె చాలాసేపు తన అరచేయి చూసుకుంది.

ఆమె ఇంటికి పోయి ఏం చెప్పిందో, అది నాలుగు వీధులు తిరిగి ఏమయిందో గానీ, పంతులమ్మ దగ్గర ఎండలో పెట్టి పేల్చే పిస్తోలు ఉందన్న మాట ఠాణాకు చేరింది. ఊళ్ళలో సభలు, జెండాలు, అరెస్టులు జరుగుతున్న కాలం. పైగా మా ఇంట్లో మిలిటరీ నుంచి వచ్చిన మనిషి. ఒకరోజు పొద్దున దఫేదారు ఇద్దరు పోలీసులతో వచ్చి ఇల్లంతా వెతికాడు. గాదెలో చెయ్యి పెట్టాడు, కోళ్ళగంప ఎత్తి చూశాడు. చివరికి గూట్లో నోటుబుక్కు దొరికింది. పేజీ తిప్పితే పిస్తోలు, పేజీ తిప్పితే పిస్తోలు. ఆయన మొహం వెలిగిపోయింది. "బొమ్మలు ఎవురు గీసింది?" అని గద్దించాడు. "నేనే" అన్నాను. మా అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు సంబంధాలు చూస్తున్న రోజులు మరి. అత్త బడినుంచి సుద్దముక్క చేతులతోనే వచ్చి, "నేను సెప్పి గీయించినా. పద, ఇద్దరమూ పోదాం" అని నా చెయ్యి పట్టుకుంది.

ఠాణాలో ఇన్‌స్పెక్టరు మైసూరు వైపునుంచి కొత్తగా వచ్చినవాడు, తెలుగు రాదు. అత్తకు కన్నడం ఆయనకంటే బాగా వచ్చు. అయినా, "పుస్తకం తెలుగుది, జవాబూ తెలుగులోనే సెప్తా" అని కూర్చుంది. ఆమెను కూర్చోమని ఎవరూ అనలేదు. మధ్యలో దఫేదారు దుబాసీ.

"ఇది ఏ దేశం పిస్తోలో అడుగు" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఇది భూమ్మీదది కాదప్పా" అంది అత్త.

దఫేదారు "మా ఊరిది కాదంట సార్" అని మార్చి చెప్పాడు.

"మరి ఏ ఊరిది? ఆ ఊరెక్కడుంది?"

"ఇంకా యాడా లేదు. నేను రాసినంత మేరకే ఉండాది" అంది అత్త. దఫేదారు ఈ మాటను ఏం చేయాలో తెలియక నా వైపు చూశాడు. నాకు అంత భయంలోనూ నవ్వు ఆగలేదు.

మధ్యాహ్నానికి అది కథేనని ఇన్‌స్పెక్టరుకూ తెలిసిపోయింది. తెలిసిపోవడమే చిక్కయింది. ఇంత హడావుడి చేసి ఉత్త చేతులతో వదిలితే ఆయన పరువేం కావాలి? జనాన్ని రెచ్చగొట్టే తప్పుడు రాతలు రాశాననీ, ఇకమీద రాయననీ సంతకం చేస్తే పుస్తకం అక్కడే కాల్చేసి పంపించేస్తానన్నాడు. లేదంటే బడి ఉద్యోగం సంగతి పైవాళ్ళకు రాస్తానన్నాడు. మా నాన్న పరుగున వచ్చి అత్త ముందు చేతులు జోడించాడు. "రాసిచ్చెయ్ తల్లీ. ఒక్క సంతకం. పిల్లను సూడు" అన్నాడు. నాన్న ఎవరికైనా చేతులు జోడించడం నేను మొదటిసారి చూశాను. అత్త కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జుట్టుముడి నుంచి పెన్సిలు తీసింది. "అబద్ధమని రాసిస్తా, అన్నా. తప్పని రాసియ్యను" అంది. చెప్పినట్టే, 'ఇందులోదంతా నేను కల్పించినది, ఇది తప్పు కాదు' అని చక్కటి కన్నడంలో, రెండు ముక్కల్లో రాసి సంతకం పెట్టింది.

మమ్మల్ని ఆ పూటే వదిలేశారు. పుస్తకం మాత్రం ఇవ్వలేదు. నెల తిరక్కుండానే అత్త ఉద్యోగం పోయింది. నాకు కుదరబోయిన సంబంధం తప్పిపోయింది, ఠాణా మెట్లెక్కిన పిల్ల వద్దన్నారు. పోతే పోనీ అనుకున్నాను. అబ్బాయిని నేను చూసింది కూడా లేదు. మొదటి నాలుగు రోజులు అత్త అన్నం సరిగా తినలేదు. నాన్న ఆమె ముందుకు రావడానికి సిగ్గుపడ్డాడు. ఐదోరోజు ఆయనే హొసకోట వెళ్ళి కొత్త నోటుబుక్కు తెచ్చి, ఆమె పక్కన పెట్టి పొలానికి పోయాడు.

అత్త మొదటి అక్షరం నుంచీ తిరిగి రాసింది, నేను తిరిగి గీశాను. కానీ ఈసారి కథ మారింది. మొదటి పుస్తకంలో ఎండపిడి ఒక రాజకుమారుడి చేతిలో ఉండేది. రెండో దాంట్లో రాజు ఎండపిడులన్నీ జప్తు చేయించి చీకటి కొట్లో వేయిస్తాడు, ఎండలేక అవి చచ్చిపోతాయి. గింజలు వొలిచే ముసలామె ఒకతె కొత్తది చేసి, ఎలా చేయాలో పక్కింటికి చెబుతుంది. పక్కిల్లు మరో పక్కింటికి. అది చదవడానికి అత్తకు తిన్నె చాలలేదు. వీధి గుమ్మంలో నిలబడి, దఫేదారు సైకిలుమీద పోతున్నా గొంతు తగ్గించకుండా చదివింది. వినేవాళ్ళు తగ్గుతారేమోనని నేను భయపడ్డాను. పెరిగారు. తమ ఆడపిల్లలను వెంటబెట్టుకుని వచ్చి, "కథ సరే, దీనికి అచ్చరాలు కూడా నేర్పీయమ్మా" అన్నారు. బడి పోయిన అత్తకు మా తిన్నెమీద ఇరవైమంది ఆడపిల్లల బడి వచ్చింది. మరుసటి ఏడు స్వాతంత్ర్యం వచ్చింది, కొన్ని నెలలకు మైసూరులోనూ ప్రజల మంత్రులొచ్చారు. పాత ఉద్యోగం తిరిగి ఇస్తామని కబురు పెడితే, "ఈడ పిల్లోళ్ళు కాచుకోనుండారు" అని చెప్పి పంపింది. ఆ తిన్నె బడి వదలకుండానే ముసలిదై కన్నుమూసింది.

ఠాణాలో ఆ వాక్యం రాసిన రోజు ఆమెకు ఇరవై తొమ్మిదేళ్ళు. ఇవాళ నాకు దానికి మూడింతలు. కాలం నన్ను ఇంత దూరం నడిపించి కూడా, ఆ ఇరవై తొమ్మిదేళ్ళ మనిషిని నన్ను ఇంతవరకూ అందుకోనివ్వలేదు.