అంచు రాసి పేరు దాచాను

ధర్మవరంలో ఒక నేతగత్తె తన సంగతి తానే వీధిలో చెప్పుకుందని ఒకప్పుడు కాగితం మీద రాసి సంతకం పెట్టాను. అది అబద్ధం. ఈ మాట రాయడానికి ఇన్నేళ్ళు పట్టినందుకు నా మీద నాకే ఒళ్ళు మండుతోంది.

తొంభైల చివర్లో నేను సైకాలజీలో పరిశోధన చేస్తుండేవాణ్ణి. నేతపనివాళ్ళలో మానసిక కుంగుబాటు నా అంశం. హిందూపురంలో పొద్దున్నే రైలెక్కి, ధర్మవరంలో దిగి ఇల్లిల్లూ తిరిగేవాణ్ణి. ప్రశ్నలకు ముందు హామీ పత్రం చదవాలి. మీ పేరు ఎక్కడా రాదు, మీరు చెప్పింది మూడో మనిషికి తెలియదు. ఎంత గంభీరంగా చదివేవాణ్ణో తలుచుకుంటే ఇప్పుడు అసహ్యమేస్తుంది.

ఆమెకు నలభై ఏళ్ళుంటాయి. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తూనే విన్నది.

"గత రెండు వారాలలో మీకు నిరాసక్తత కలిగినదా?" అని అడిగాను.

"అట్లంటే ఏందప్పా? తెలుగులో అడుగు," అని నవ్వింది.

ఏ పని మీదా మనసు పోకపోవడం అన్నాను. నవ్వు ఆగింది. నేసే చెయ్యీ ఆగింది. లేపాక్షిలో అక్క ఇంటికని వీధిలో చెప్పి హిందూపురంలో మనసు డాక్టరు దగ్గరికి పోతోందట. ఏడాదిగా మాత్రలు మింగుతోందట. భర్తకు తప్ప ఎవరికీ తెలియదంది.

"సావుకారికి తెలిస్తే పట్టు ఇయ్యడప్పా. తలకాయ సరిగా లేనిదాని చేతికి అంత సరుకు ఎవురిస్తారు? బయటపడదు కదా?"

"పడదక్కా. పేరే రాయను."

పేరు రాయలేదు. ఆమె మాత్రల సంగతి రాసిన వ్యాసంలో ఆమెను ఒక అంకెగా మార్చాను. అయితే వర్ణన పొడిపొడిగా ఉందనిపించి, ఆమె నేసే అంచు మీది బొమ్మ గురించి రెండు వాక్యాలు చేర్చాను. ఆ బొమ్మ ఏదో ఇక్కడ రాయను. దాన్ని నేసే చెయ్యి ఆ వీధుల్లో ఒక్కటే. ఏ అంచు ఎవరి చేతిదో అక్కడి సావుకార్లు చీర మడత విప్పకుండానే చెబుతారు. నెలల తరబడి వాళ్ళ మధ్య తిరిగిన నాకు అది తెలియదా? తెలుసు. వాక్యం బాగుందని ఉంచాను. మా గైడు చదివి భుజం తట్టాడు. మా ఇద్దరిలో ఒక్కడికీ ఆమె గుర్తుకు రాలేదు.

పెనుకొండలో చేనేత మీద జరిగిన సభలో ఆ వ్యాసం నేనే చదివాను. ముందు వరుసలో ధర్మవరం సావుకార్లు ఉన్నారు. అంచు వాక్యం దగ్గర ఒకాయన పక్కాయన చెవిలో ఏదో అన్నాడు. నన్ను మెచ్చుకుంటున్నారనుకున్నాను.

మళ్ళీ వెళ్ళేసరికి ఆమె మగ్గం ఖాళీగా ఉంది. సావుకారు పట్టు ఇవ్వడం మానేశాడట.

"ఏమప్పా, పేరు రాయనంటివి?"

"రాయలేదక్కా."

"అంచు రాస్తివి కదా. ఈడ పేరు అడిగేదెవురు?"

గడపలో నిలబడిన భర్త ఆమె మీద విరుచుకుపడ్డాడు. "ఆయన్నెందుకంటావే? కాగితంలో నీ పేరు యాడుండాది? నువ్వే యాడనో నోరు జారుంటావు."

నేను సంచీ భుజాన వేసుకుని స్టేషను దారి పట్టాను.

ఆమె ఎవరితోనో రాయించి మా విభాగానికి ఫిర్యాదు పంపింది. "ముందే ఎవరికైనా చెప్పుకుని ఉండవచ్చు కదా," అన్నాడు గైడు. విభాగానికిచ్చిన వివరణలో, ఆమే వీధిలో చెప్పుకుందని రాసి సంతకం పెట్టేశాను. డిగ్రీ వచ్చింది. హిందూపురం కాలేజీలో ఉద్యోగం వచ్చింది. పరిశోధనలో నీతి అనే పాఠం ఏటేటా సిగ్గులేకుండా చెప్పాను.

కొన్నేళ్ళకు ఆమె ఇంటికి వెళ్ళాను. వేరేవాళ్ళ మగ్గాలకు దారం కండెలు చుడుతోంది. తప్పు నాదేనన్నాను.

"నాకు చెప్తే ఏమొస్తాది? నేను చెప్పలేదని నాకు తెల్దా? మా ఇంటాయన లోపలుండాడు. ఇప్పటికీ దెప్పుతాండాడు. పో, ఆయనకు చెప్పు."

నాలుగడుగులు వేస్తే చాలు. రైలుకు టైమైందని వచ్చేశాను.

ఇది అచ్చు వేయించవచ్చా అని ఈసారి ముందే ఆమెను అడిగించాను. "ఎయ్యమను. మా ఇంటాయన చదువుతాడు," అందట.

అన్నా, మీ భార్య ఎవరికీ చెప్పలేదు. పేరు లేదని మీరు నమ్మిన ఆ కాగితం రాసినవాణ్ణి నేను. ఆమెను పట్టిచ్చింది నేనే.