మా ఆయన బదులు నేనొచ్చిన

మా అమ్మాయి చదివే స్కూలు తల్లిదండ్రుల కమిటీకి నేను చైర్‌పర్సన్‌ను అయ్యానన్న సంగతి నాకు అందరికంటే చివర తెలిసింది. ఎన్నిక జరిగినరోజు నేను ఇంట్లో కుట్టు మిషను ముందు కూర్చుని పెళ్లివారి జాకెట్లకు చేతులు అతుకుతున్నాను. నా బదులు మా ఆయన వెళ్లాడు. మా జహీరాబాదులో అదేమీ వింత కాదు. కమిటీలో తల్లులే సభ్యులుగా ఉండాలన్నది పైనుంచి వచ్చిన ఉత్తర్వు. తల్లుల బదులు తండ్రులు వచ్చి కూర్చోవడం ఇక్కడి ఆనవాయితీ. చైర్‌పర్సన్ కూడా ఆడమనిషే కావాలని హెడ్మాస్టరు అనేసరికి, ఒక్క ఆడమనిషి కూడా లేని ఆ గదిలో మగవాళ్లంతా ఎంతో మర్యాదగా ఒకరి భార్య పేరు ఇంకొకరు చెప్పుకున్నారట. అందరికంటే ఆలస్యంగా "మా ఇంటామె వద్దు" అన్నది మా ఆయనేనట. అలా నేను గెలిచాను.

"నువ్వేం ఫికర్ చెయ్యకు. పేరు నీది, పనంత నేను జూసుకుంట" అని ఇంటికొచ్చి అభయమిచ్చాడు. ఆయనకు మెయిన్ రోడ్డు మీద ఎలక్ట్రికల్ షాపు ఉంది. ఆ రోజు నుంచి బల్బు కొనడానికి వచ్చినవాళ్లు కూడా ఆయన్ను చైర్మన్ సాబ్ అని పిలవడం మొదలుపెట్టారు. ఆయన ఎవరినీ సరిదిద్దలేదు. హెడ్మాస్టరు ఏ కబురున్నా ఆయన ఫోనుకే చేసేవాడు. ఆయన గుర్తున్నప్పుడు నాకు చెప్పేవాడు.

పేరు నాది కదా, ఒకసారి చూసొద్దామని మొదటి మీటింగుకు నేనూ వెళ్లాను. ముందు వరసలో చేతులున్న కుర్చీ ఒకటి, చేతుల్లేనిది ఒకటి వేశారు. చేతులున్నదాంట్లో మా ఆయనను కూర్చోబెట్టి, "మేడమ్, మీరు ఇటు ఫ్యాన్ కిందికి రండి" అన్నాడు హెడ్మాస్టరు. మంచివాడే పాపం. ఆ ఫ్యాన్ తిరగదని ఆయనకు గుర్తులేనట్టుంది.

సరే, అయ్యానుకదా, పద్ధతిగా చేద్దామనుకున్నాను. టైలరమ్మ పద్ధతి గురించి మాట్లాడితే నవ్వొస్తుందని నాకు తెలుసు. జాకెట్ ఇచ్చి, చెప్పినరోజుకు తీసుకున్న అదృష్టవంతులెవరైనా ఉంటే చెప్పండి, నేను కూడా వాళ్ల టైలరు దగ్గరే కుట్టించుకుంటాను. అయినా ప్రయత్నం చేశాను. ఫోనులో ఒక వీడియో చూశాను. అందులో ఒకమ్మాయి, జీవితంలో ఎన్నడూ ఉల్లిగడ్డ కోసి ఎరగనంత శుభ్రమైన బల్ల ముందు కూర్చుని, నాయకురాలికి ఒక ఫైలు, ఒక క్యాలెండరు, ఒక గ్రూపు ఉంటే చాలంది. ఫైలు కొన్నాను. వారం తిరక్కుండానే అది షాపుకు చేరి వైర్ల బిల్లులు మోసింది. క్యాలెండరు తగిలించాను. అందులో పాలవాడు రాని రోజులు, గ్యాసు బండ మార్చిన రోజులు మాత్రం చాలా పద్ధతిగా నమోదయ్యాయి.

ఇక గ్రూపు. తల్లుల పేర్లన్నీ పెట్టి గ్రూపు తయారుచేస్తే, ఫోన్లన్నీ తండ్రుల జేబుల్లో మోగాయి. తెల్లవారకముందే శుభోదయాలు, వాటి వెనక దేవుళ్లు, దేవుళ్ల వెనక మొగుడంపల్లి రోడ్డులో అమ్మకానికున్న ప్లాటు, దాని హద్దురాళ్ల ఫొటోతో సహా. వాటి మధ్య నేను "గురువారం నాలుగు గంటలకు మీటింగు" అని పెడితే అందరూ దండం బొమ్మ పంపేవాళ్లు. వస్తామని దండమో, దూరం నుంచే దండమో గురువారం నాలుగు గంటలకు గానీ తేలేది కాదు.

ఇదంతా ఇలా నవ్వులాటగా గడిచిపోయేదే. కానీ ఒకరోజు సంతకు వచ్చిన ఒకావిడ నా ఇల్లు కనుక్కుంటూ వచ్చింది. న్యాల్‌కల్ అవతల, కర్ణాటక హద్దుకు దగ్గరున్న ఊరు వాళ్లది. మాటల్లో కన్నడం కలుస్తోంది. అల్లం తవ్వే కూలికి పోతుంది. వెంట బిడ్డ ఉంది. మా స్కూల్లోనే పదో తరగతి. లెక్కల్లో బాగా చేస్తుందని, అదే తరగతిలో ఉన్న మా అమ్మాయి నోట ఆ పిల్ల పేరు అంతకుముందే విన్నాను. ఇప్పుడు పదో తరగతికి సాయంత్రం స్పెషల్ క్లాసులు పెట్టారు. క్లాసు అయ్యేసరికి వాళ్ల ఊరి బస్సు వెళ్లిపోతుంది. తర్వాతి బస్సు దిగేసరికి చీకటి పడుతుంది. రోడ్డు మీద దిగి ఊరిదాకా చెరుకు తోటల మధ్య నడవాలి.

"చదువు వద్దని నేను అంటలేనమ్మా. చీకట్ల చెరుకుల నడుమ పొల్లను ఒక్కదాన్ని ఎట్ల రమ్మందు? ఈ నెల జూస్త. కాకుంటె బంద్ వెట్టి నాతోని కూలికి తోల్కవోత" అంది ఆవిడ. గొంతులో కోపం లేదు. నిర్ణయం అయిపోయిన మనిషి మాట్లాడినట్టే మాట్లాడింది. ఆ పిల్ల నా మిషను పక్కన పడున్న గుడ్డ ముక్కలను చూస్తూ నిలబడింది. పోతూపోతూ ఆవిడే ఇంకోమాట అంది. పొద్దున బస్సు మాత్రం బడి గంటకు చాలా ముందే దించేస్తుందట, పల్లె పిల్లలంతా గంట కొట్టేదాకా వరండాలో ఖాళీగా కూర్చుంటారట.

ఇంత విన్నాక దారి వెతకడానికి ఫైలూ క్యాలెండరూ అక్కర్లేదు. క్లాసు పొద్దునకు మారిస్తే సరిపోతుంది. లెక్కల మేడమ్‌ను అడిగితే, ఊళ్లోనే ఉంటాను కాబట్టి తనకు పొద్దునే నయమంది. హెడ్మాస్టరును అడిగితే, "నాకేం అభ్యంతరం లేదు మేడమ్, కమిటీ తీర్మానం చేస్తే చాలు" అన్నాడు. కమిటీ అంటే మేమే. అంటే మా ఆయనలే.

ఆ మీటింగులో మొదటి చర్చ వార్షికోత్సవం బ్యానరు మీద. ఎవరి ఫొటో ఏ సైజులో ఉండాలన్నది టీ వచ్చేదాకా సాగింది. చైర్మన్ ఫొటో పెద్దదిగా ఉండాలన్నారు. నా ఫొటో అనుకునేరు. టీ తర్వాత నేను స్పెషల్ క్లాసుల మాట ఎత్తాను. ఒక సభ్యురాలి భర్త ట్యూషన్ సెంటరు నడుపుతాడు, ఇంట్లోనే, పొద్దున పూటే. టౌను పిల్లలంతా, మా అమ్మాయితో సహా, అక్కడికే వెళతారు. ఆయన గొంతు సవరించుకుని, పొద్దున పూట పిల్లల మెదడుకు లెక్కలు ఎక్కవని ఒక శాస్త్రీయ సత్యం ప్రకటించాడు. మరి ఆయన ఇంట్లో పొద్దున ఏం ఎక్కిస్తాడో ఎవరూ అడగలేదు. తతిమ్మా భర్తలు తలలూపారు. మా ఆయన చేతులున్న కుర్చీలోంచి, వచ్చే మీటింగులో చూద్దామన్నాడు. వచ్చే మీటింగులో మళ్లీ వచ్చే మీటింగులో చూద్దామన్నారు.

ఈలోగా ఆ పిల్ల సాయంత్రం క్లాసులకు ఆగడం మానేసింది. నెల చివరికొచ్చింది. ఒకటో తారీఖు నుంచి అల్లం తవ్వడానికి వెళుతుందని మా అమ్మాయి చెప్పింది. నాకు ఒళ్లు మండిపోయింది. జాకెట్ ఆలస్యమైతే మహా అయితే పెళ్లికూతురు తిడుతుంది. ఇది అలా సర్దిచెప్పుకునే పని కాదు.

ఆ మధ్యాహ్నమే మా ఆయన అన్నానికి వచ్చి, తింటూ ఫోనులో ఎవరితోనో షాపులో పెద్ద టీవీ పెట్టే సంగతి మాట్లాడుతున్నాడు. శుక్రవారం ఇండియా మ్యాచ్ ఉందట. అది మామూలు మ్యాచ్ కాదట. కమిటీ దోస్తులంతా వస్తున్నారట, మిర్చీలు కూడా చెప్పారట. నేను పప్పు వడ్డిస్తూ విన్నాను. ఆయన షాపుకు వెళ్లగానే హెడ్మాస్టరుకు మొదటిసారి నేనే ఫోన్ చేసి, శుక్రవారం నాలుగు గంటలకు మీటింగు పెట్టమన్నాను.

"సార్‌కు ఒకసారి చెప్పి..." అని నసిగాడు.

సార్‌కు నేను చెబుతానన్నాను. చెప్పాను కూడా, అందరితోపాటు గ్రూపులోనే. ఎప్పటిలాగే దండాలు వచ్చాయి. శుక్రవారం మధ్యాహ్నం దాకా ఒక్కరూ దాన్ని చదవలేదు.

చదివాక మా ఆయన షాపు వదిలి ఇంటికి పరిగెత్తుకొచ్చాడు. "గియ్యాల మీటింగేంది? ఎవలు వెట్టిన్రు?" అన్నాడు. చైర్‌పర్సన్ పెట్టిందని చెప్పాను. ఆవిడెవరో గుర్తు రావడానికి ఆయనకు కాస్త సమయం పట్టింది. తర్వాత గోడ గడియారం చూసి, చాలా ఉదారంగా, నన్నే వెళ్లి ఒక సంతకం పెట్టి రమ్మన్నాడు. ఆ సమయానికి ఊళ్లో ప్రతి ఇంట్లోనూ అదే ఉదారత పొంగిపొర్లిందని తర్వాత తెలిసింది.

నాలుగు గంటలకు మొదట వచ్చినావిడ గుమ్మంలోనే ఆగిపోయింది. చెప్పులు విడవాలా వద్దా అన్నట్టు చూస్తూ, "మా ఆయనకు జర పనుండె సార్. ఆయన బదులు నేనొచ్చిన, కూసోవచ్చునా?" అని అడిగింది. రికార్డుల్లో సభ్యురాలు ఆవిడే. హెడ్మాస్టరు కుర్చీ చూపించాడు. రెండో ఆవిడా అదే అంది. మూడో ఆవిడ ఇంకా మర్యాదస్తురాలు, భర్త రానందుకు క్షమాపణ కూడా చెప్పింది. అలా కమిటీ సభ్యులందరూ తమకు బదులు వచ్చేవాళ్లకు బదులుగా వచ్చి, కుర్చీల అంచుల మీద కూర్చున్నారు. నేను చేతులున్న కుర్చీలో కూర్చున్నాను. అది అంత సుఖంగా ఏమీ లేదు, ఒక కాలు పొట్టి.

నేను ఆ పిల్ల సంగతి చెప్పాను. బస్సు, చీకటి, చెరుకు తోటలు, ఒకటో తారీఖు. ఎవరూ గొంతు సవరించుకోలేదు. ఒకావిడ వాళ్ల పుట్టిల్లు కోహీర్ దగ్గరి పల్లె అని, తనను ఎనిమిదో తరగతిలో అందుకే మాన్పించారని చెప్పింది. తర్వాత ట్యూషన్ సారు భార్య వైపు అందరం చూశాం. నాకు భయమేసింది. ఆవిడ కొంగు సర్దుకుని, "పొద్దుగాల ఇల్లంత పిల్లలే ఉంటరు. ఊడుద్దమంటె జాగ దొరకది, స్నానానికి పోదమంటె ఆన్నే నిలవడ్తరు. ఇస్కూల్లనే చెప్పుండ్రి, పుణ్యముంటది" అంది.

పొద్దున పూటే స్పెషల్ క్లాసులు అని తీర్మానం రాయించాం. సంతకాలు అయిపోయాక టీ వచ్చింది. మా కమిటీ చరిత్రలో టీ కంటే ముందు పని అయిపోవడం అదే మొదలు. హెడ్మాస్టరు మాత్రం గ్లాసు పట్టుకుని, సార్లు ఏమంటారోనని రెండుసార్లు గొణిగాడు.

సార్లు ఏమీ అనలేకపోయారు. మా సంతకాలు చెల్లవనాలంటే, అసలు సభ్యులెవరో బయటికి చెప్పాలి. ట్యూషన్ సారు మా ఆయనకు ఫోన్ చేసి గొడవపడ్డాడు. మా ఆయన నా మీదికి వచ్చాడు. మీ బదులు మమ్మల్ని మీరే పంపారు కదా అన్నాను. ఆ మ్యాచ్ ఎవరు గెలిచారో నాకు ఇప్పటికీ తెలియదు. క్లాసు వేళ మారిందని మా అమ్మాయితో ఆ పిల్లకు కబురు చేశాను. ఒకటో తారీఖు పొద్దున మా అమ్మాయిని దింపే నెపంతో స్కూలుకు వెళ్లి చూశాను. ఆ పిల్ల మొదటి బెంచీలో ఉంది. ఇంటికి వస్తూ దారంతా నాకు నవ్వాగలేదు.

జనవరి ఇరవై ఆరుకు జెండా ఎగరేశాక సభ జరిగింది. లెక్కల పరీక్షలో ఫస్టు వచ్చినందుకు ఆ పిల్లకు బహుమతి ఉంది కాబట్టి వాళ్లమ్మ ఆ రోజు కూలి మానుకుని, చంకలో పచ్చి శనగల కట్టతో వచ్చి వెనక నిలబడింది. హెడ్మాస్టరు మైకులో, గ్రామీణ బాలికల కోసం క్లాసుల వేళలు మార్చే చరిత్రాత్మక నిర్ణయం తీసుకున్న మన కమిటీ చైర్‌పర్సన్‌ను సన్మానిస్తున్నామన్నాడు. మా ఆయన అలవాటు ప్రకారం లేచాడు. హెడ్మాస్టరు అలవాటు ప్రకారం శాలువా కప్పాడు. కమిటీ భర్తలు అలవాటు ప్రకారం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టబోయాను.

అప్పుడు వెనక నుంచి ఆ తల్లి గొంతు వినిపించింది.

"సారూ, చైర్మన్ అంటె గా టైలరమ్మ గద. గాయనెవరు?"

వెటకారం కాదు. ఆవిడకు నిజంగానే తెలియదు. బిడ్డ కొంగు పట్టుకుని లాగుతోంది, ఊరుకోమని. ఆవిడ ఊరుకుంది, కానీ జవాబు కోసం అలాగే చూస్తూ నిలబడింది. హెడ్మాస్టరు మైకు పాడైందన్నట్టు దాన్ని తట్టాడు. మైకు బాగానే ఉంది. మా ఆయన శాలువా తీసి మడతపెట్టి, కిందికి దిగి వచ్చి, నా ఒళ్లో పెట్టి పక్కన కూర్చున్నాడు. ఆ రోజంతా ఆయన నాతో మాట్లాడలేదు. ఆ తల్లి నాకిచ్చిపోయిన పచ్చి శనగలు మాత్రం వలుచుకుని తిన్నాడు.

తర్వాతి సోమవారం మేం టీ తాగుతుండగా ఆయన ఫోను మోగింది. హెడ్మాస్టరు. పరీక్షలు అయ్యేదాకా ఆదివారాలు కూడా పొద్దున క్లాసు పెట్టమని పల్లె పిల్లలు అడుగుతున్నారని, అందరికంటే ఆ పిల్లే ఎక్కువ పట్టుబడుతోందని చెబుతున్నాడు. ఫోను గొంతు నాక్కూడా వినిపిస్తోంది. మా ఆయన అలవాటు ప్రకారం "ఆఁ, చూద్దాం సార్" అనబోయి ఆగాడు. నా వైపు చూశాడు.

"జర ఆగుండ్రి సార్. చైర్‌పర్సన్ గీన్నే ఉన్నది, ఇస్తున్న" అని ఫోను నా చేతికిచ్చి, టీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లాడు.